కుంచె పట్టిన రాయబారి రూబెన్స్

రాయబారం అనే మాట వినగానే తెలుగువారికి కౌరవసభలో నిలిచిన శ్రీకృష్ణుడు మదిలో మెదులుతాడు. తిరునాళ్లలో తెల్లవార్లూ ఆ ఘట్టాన్ని పద్యనాటకంగా చూసినవారికి శత్రుసభలోకి సంధిమాటతో వెళ్లడం ఎంత కష్టమైన పనో వేరే చెప్పనక్కరలేదు. దాదాపు 400 ఏళ్ల క్రితం ఐరోపాలో అటువంటి పనికే పూనుకున్న ఒక వ్యక్తికి రాజ్యం లేదు, సైన్యం లేదు, వంశగౌరవమూ లేదు. ఉన్నవి కుంచె, రంగులు, ఐదారు భాషల్లో పట్టు, ఎదుటివారి మనసెరిగి మాట్లాడే నేర్పు మాత్రమే. ఆయన పేరు పీటర్ పాల్ రూబెన్స్.

ప్రపంచం ఆయనను మహాచిత్రకారుడిగానే గుర్తుంచుకుంది. అది సహజమే. ఆయన చిత్రాలు లేని పెద్ద ప్రదర్శనశాల ఐరోపాలో అరుదు. అయితే జీవితంలో పదేళ్లకు పైగా ఆయన తన కాలాన్ని, ఆరోగ్యాన్ని, ప్రతిష్ఠను పణంగా పెట్టింది చిత్రాల కోసం కాదు, సంధి కోసం. స్పెయిన్, ఇంగ్లండ్ రాజ్యాల మధ్య 1630లో కుదిరిన శాంతి ఒప్పందానికి బాట వేసింది ఆయనే. కానీ ఆయన అసలు ఆశ వేరు. యుద్ధంతో చితికిపోయిన తన సొంత నగరం యాంట్‌వెర్ప్‌కు ఊపిరి పోయాలని ఆయన కోరుకున్నారు.

తండ్రి అపరాధం, తల్లి సాహసం

ఆనాడు నెదర్లాండ్స్ ప్రాంతమంతా స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేది. అధిక పన్నులు, మతపరమైన అణచివేత భరించలేక అక్కడి ప్రజలు ఆరెంజ్ ప్రభువు విలియం నాయకత్వంలో తిరగబడ్డారు. 80 ఏళ్ల పాటు సాగిన ఆ పోరాటానికి మొదటి రోజులవి. రూబెన్స్ తండ్రి జాన్ యాంట్‌వెర్ప్‌లో న్యాయవాది, నగర పాలకవర్గ సభ్యుడు. ప్రొటెస్టెంటు మతం వైపు మొగ్గు చూపారన్న అనుమానం రావడంతో 1568లో కుటుంబంతో సహా జర్మన్ నగరం కొలోన్‌కు వలసపోయారు. అక్కడ విలియం భార్య ఆన్నాకు న్యాయ సలహాదారుగా చేరారు. ఆ పరిచయం అక్రమ సంబంధానికి దారితీసింది. విషయం బయటపడింది. జాన్ 1571లో బందీ అయ్యారు. నాటి చట్టం ప్రకారం మరణశిక్ష పడినా అడిగేవారు లేరు.

ఆయన ప్రాణం నిలిపింది భార్య మరియా. తనకు ద్రోహం చేసిన భర్తను క్షమించి, చెరసాలలో ఉన్న ఆయనకు ధైర్యం చెబుతూ లేఖలు రాసింది. అధికారుల గుమ్మాలెక్కి మొరపెట్టుకుంది. పూచీకత్తుగా సొమ్ము కట్టి రెండేళ్లకు భర్తను విడిపించుకుంది. ఊరు దాటరాదన్న నిబంధనతో ఆ కుటుంబం సీగెన్ పట్టణంలో కాపురం పెట్టింది. అక్కడే 1577 జూన్ 28న రూబెన్స్ జన్మించారు. ఒప్పించడం, ఓపిక పట్టడం, అవమానాన్ని దిగమింగి పని సాధించుకోవడం వంటి రాయబారి లక్షణాలు ఆయనకు ఎవరి నుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. తన తండ్రి ద్రోహం చేసిన అదే విలియం కుమారులతో ఆయన తర్వాతి కాలంలో సంధి మంతనాలు జరపవలసి రావడం విధి విచిత్రం.

తండ్రి 1587లో మరణించారు. తల్లి పిల్లలను తీసుకుని యాంట్‌వెర్ప్ చేరింది. ఒకప్పుడు ఐరోపా వాణిజ్యానికి నడిబొడ్డయిన ఆ నగరం అప్పటికే కళ తప్పింది. 1585లో స్పెయిన్ సేనలు దాన్ని తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. ప్రతిగా ఉత్తరాది డచ్చివారు నగరానికి ప్రాణాధారమైన షెల్ట్ నది ముఖద్వారాన్ని మూసివేశారు. ఓడలు రావడం మానేశాయి. కొద్ది సంవత్సరాల్లోనే జనాభా సగానికి పైగా తగ్గిపోయింది. రూబెన్స్ బాల్యంలో చూసిన నగరం అది. ఆ దృశ్యం ఆయనను చివరి వరకు వెంటాడింది.

లాటిన్ పాఠశాలలో కొంతకాలం చదివాక, 13 ఏళ్ల వయసులో ఒక జమీందారిణి ఇంట పరిచారక బాలుడిగా చేరారు. దర్బారు మర్యాదలు, ఎవరి ముందు ఎలా నిలబడాలో, ఎప్పుడు మౌనం వహించాలో అక్కడే అలవడ్డాయి. కొలువు నచ్చక కొద్ది నెలలకే మానుకుని చిత్రకళ వైపు మళ్లారు. ముగ్గురు గురువుల వద్ద శిష్యరికం చేసి 1598లో చిత్రకారుల సంఘంలో సభ్యత్వం పొందారు. రెండేళ్లకు ఇటలీ ప్రయాణమయ్యారు.

వాన తెచ్చిన పరీక్ష

ఇటలీలో మాంటువా ప్రభువు విన్సెంజో గొంజాగా ఆయనను ఆస్థానంలో చేర్చుకున్నాడు. రూబెన్స్ తొలి దౌత్యయాత్ర ఈ ప్రభువు కోసమే. స్పెయిన్ రాజు 3వ ఫిలిప్‌కు, ఆయన మంత్రి లెర్మాకు కానుకలు చేర్చే బాధ్యతను 1603లో ఆయనకు అప్పగించారు. మేలుజాతి గుర్రాలు, ఒక బగ్గీ, స్ఫటిక పాత్రలు, పలు చిత్రాలు. కొండలు దాటి, సముద్రం దాటి స్పెయిన్ తీరం చేరాక 20 రోజుల పాటు ఎడతెరిపి లేని వాన. వల్లదోలిద్ నగరంలో పెట్టెలు తెరిచి చూస్తే గుర్రాలు క్షేమం, చిత్రాలు మాత్రం తడిసి, రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి.

మాంటువా తరఫున అక్కడ ఉంటున్న రాయబారి ఇబెర్టి స్పానిష్ చిత్రకారుల సాయం తీసుకోమన్నాడు. రూబెన్స్ ససేమిరా అన్నారు. ఇతరుల చెయ్యి పడితే ఆ పని తమది కాకుండా పోతుందని ఆయనకు తెలుసు. స్వయంగా కూర్చుని చిత్రాలన్నింటినీ బాగుచేశారు. పూర్తిగా పాడైన రెండింటి స్థానంలో గ్రీకు తత్వవేత్తలు డెమోక్రిటస్, హెరాక్లిటస్‌లను కొత్తగా చిత్రించి పెట్టారు. లెర్మా మురిసిపోయి గుర్రంపై కూర్చున్న తన నిలువెత్తు చిత్రాన్ని వేయించుకున్నాడు. అయితే రాజు ఎదుట కానుకలు సమర్పించే గౌరవాన్ని మాత్రం ఇబెర్టి తానే దక్కించుకున్నాడు. 26 ఏళ్ల రూబెన్స్ పక్కన నిలబడి చూశారు. చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా దర్బారులో అతడి స్థానం ఎక్కడో ఆ రోజు ఆయనకు అర్థమై ఉండాలి. ఈ చేదు అనుభవం మరో రెండుసార్లు, ఇంకా పెద్ద వేదికలపై ఎదురైంది.

తల్లి జబ్బు పడిందన్న కబురుతో 1608లో ఇటలీ నుంచి హుటాహుటిన బయలుదేరారు. చేరేసరికే ఆమె కన్నుమూసింది. తిరిగి ఇటలీ వెళ్దామనుకున్న ఆయనను దక్షిణ నెదర్లాండ్స్ పాలకులు ఆల్బర్ట్, ఇసబెల్లా దంపతులు ఆపారు. 1609లో ఆస్థాన చిత్రకారుడి పదవి ఇచ్చి, రాజధాని బ్రస్సెల్స్‌లో కాకుండా యాంట్‌వెర్ప్‌లోనే ఉండే వెసులుబాటు కల్పించారు. అదే సంవత్సరం ఇసబెల్లా బ్రాంట్‌తో వివాహమైంది. అదే సంవత్సరం స్పెయిన్, డచ్చి రాజ్యాల మధ్య 12 ఏళ్ల యుద్ధవిరామమూ కుదిరింది. రూబెన్స్ కళాజీవితంలో పసిడి పంట ఆ పన్నెండేళ్లలోనే పండిందని చెప్పాలి. యాంట్‌వెర్ప్ ప్రధాన దేవాలయంలో నేటికీ చూపరులను కట్టిపడేసే శిలువ చిత్రాలు ఆ కాలానివే. విశాలమైన ఇల్లు, ఇటలీ పద్ధతిలో తోట, పదుల సంఖ్యలో శిష్యులు, వారిలో వాన్ డైక్ వంటి ప్రతిభావంతుడు. శాంతి ఉంటే నగరానికి ఏమి దక్కుతుందో ఆయన తన ఇంటి గుమ్మంలోనే చూశారు.

చిత్రాల చాటున రహస్య మంతనాలు

గడువు 1621లో ముగిసింది. యుద్ధం మళ్లీ మొదలైంది. అదే ఏడాది ఆల్బర్ట్ మరణించాడు. వితంతువైన ఇసబెల్లా పాలన భారాన్ని మోస్తూ, నమ్మకస్తుడైన మనిషి కోసం వెదికింది. చిత్రకారుడికి ఉన్న ఒక సౌలభ్యం మరెవరికీ లేదు. రాయబారి సరిహద్దు దాటితే నాలుగు దేశాల గూఢచారులు వెంటపడతారు. చిత్రకారుడు దాటితే ఎవరో ప్రభువు బొమ్మ వేయడానికి వెళ్తున్నాడనుకుంటారు. బొమ్మ వేస్తున్నంతసేపూ రాజైనా, మంత్రైనా అతడి ముందు గంటల తరబడి ఒంటరిగా కూర్చోవలసిందే.

డచ్చివారితో తొలి రహస్య సంప్రదింపులు 1623 ప్రాంతంలో మొదలయ్యాయి. ఫ్రాన్స్ రాజమాత మేరీ ద మెడిచి తన జీవితగాథను 24 భారీ చిత్రాలుగా వేయమని కోరడంతో ఆయన పారిస్‌కు రాకపోకలు సాగించారు. 1625లో అక్కడే ఇంగ్లండ్ రాజు 1వ చార్లెస్‌కు ఆప్తుడైన బకింగ్‌హామ్ ప్రభువుతో పరిచయమైంది. బకింగ్‌హామ్ తన చిత్రం వేయమన్నాడు. ఆయన వెంట ఉన్న బాల్తసార్ గెర్బియర్ కూడా చిత్రకారుడే, ప్రభువుకు రహస్య దూత కూడా. ఇద్దరు చిత్రకారులు కళాఖండాల బేరం పేరుతో కలుసుకుంటూ రెండు శత్రు రాజ్యాల మధ్య లేఖలు నడిపారు.

1626లో భార్య మరణం రూబెన్స్‌ను కుంగదీసింది. ప్రయాణాలతోనైనా మనసు మరలుతుందేమోనని ఆయన దౌత్యంలో మరింత మునిగారు. 1627లో చిత్రకారులను కలిసే నెపంతో హాలండ్ అంతా తిరిగి గెర్బియర్‌తో మంతనాలు జరిపారు. సరిగ్గా ఆ సమయంలోనే మాడ్రిడ్‌లో జరుగుతున్నది ఆయనకు తెలియదు. స్పెయిన్ మంత్రి ఒలివారెస్ ఇంగ్లండ్‌పై యుద్ధానికి ఫ్రాన్స్‌తో చేతులు కలిపి ఒప్పందం రాసుకున్నాడు. ఇక్కడ సంధి మాట, అక్కడ యుద్ధపు మాట. ఆ సంగతి బ్రస్సెల్స్‌కు ఆలస్యంగా చేరింది. గెర్బియర్ ముందు రూబెన్స్ మాట పోయినంత పనైంది.

దీనికి తోడు రాజు 4వ ఫిలిప్ నుంచి మరో దెబ్బ. ఇంత గంభీరమైన రాచకార్యాన్ని ఒక చిత్రకారుడి చేతిలో పెట్టడం రాజ్య గౌరవానికి భంగమని ఆయన ఇసబెల్లాకు రాశాడు. ఆమె తన దూతను వదులుకోలేదు. ఎదుటిపక్షం పంపిన గెర్బియర్ కూడా చిత్రకారుడేనని మేనల్లుడికి మర్యాదగా గుర్తుచేసింది. రాజు మెత్తబడ్డాడు. కాగితాలన్నీ పంపమన్నాడు. కాగితాలకు అర్థం చెప్పాలంటే వాటిని రాసిన మనిషే రావాలని రూబెన్స్ నచ్చజెప్పారు. ఆ విధంగా 1628లో ఎనిమిది చిత్రాలు వెంటబెట్టుకుని మాడ్రిడ్ చేరారు.

రాజప్రాసాదంలో ఆయనకు చిత్రశాల ఏర్పాటు చేశారు. చిత్రకారుడని ఈసడించిన రాజే దాదాపు ప్రతిరోజూ అక్కడికి వచ్చి కూర్చునేవాడు. ఎనిమిది నెలల్లో రాజకుటుంబ చిత్రాలు వేశారు, రాజు సేకరణలోని టిషియన్ చిత్రాలకు ప్రతులు తీశారు. 29 ఏళ్ల యువ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ ఆయన వెంట తిరిగాడు. రూబెన్స్ వెళ్లిన కొద్ది నెలలకే అతడు ఇటలీకి ప్రయాణం కట్టడం ఆ సాంగత్య ఫలమేనని చాలామంది భావిస్తారు. ఈలోగా 1628 ఆగస్టులో బకింగ్‌హామ్ హత్యకు గురయ్యాడు. ఏళ్ల తరబడి అల్లిన వల తెగిపోయిందనుకున్నారు. ఇంగ్లండ్ రాజు మాత్రం సంధి ఆలోచన విడవలేదు. చివరకు ఫిలిప్ తన చిత్రకారుడినే లండన్ పంపాలని నిర్ణయించాడు. హోదా చాలదన్న మాట రాకుండా నెదర్లాండ్స్ ఆంతరంగిక మండలి కార్యదర్శి పదవి కట్టబెట్టాడు.

లండన్‌లో తొమ్మిది నెలలు

1629 జూన్‌లో రూబెన్స్ లండన్‌లో అడుగుపెట్టేనాటికి పరిస్థితి ఏమాత్రం అనుకూలంగా లేదు. ఫ్రాన్స్, ఇంగ్లండ్ అప్పుడే రాజీపడ్డాయి. ఫ్రాన్స్, వెనిస్, డచ్చి రాయబారులు ముగ్గురూ స్పెయిన్‌తో సంధి పొసగకుండా చూసేందుకు కాచుకుని ఉన్నారు. చార్లెస్ పెట్టిన షరతు ఇంకా చిక్కైనది. జర్మనీలో ఆయన బావ పోగొట్టుకున్న పాలటినేట్ రాజ్యాన్ని తిరిగి ఇప్పించాలి. అందులో సగం బవేరియా చేతిలో ఉంది. స్పెయిన్ ఇస్తానన్నా ఇవ్వలేని వస్తువది. పైగా ఒప్పందంపై సంతకం చేసే అధికారం రూబెన్స్‌కు లేదు. ఆయన చేయగలిగిందల్లా తలుపు తెరవడం.

ఆయన తెరిచారు. చార్లెస్ ఐరోపాలోనే పేరెన్నికగన్న కళాభిమాని. చిత్రాల గురించి మొదలైన సంభాషణ రాజ్యాల గురించి సాగేది. మంతనాలు నడుస్తున్నంతకాలం స్పెయిన్‌కు వ్యతిరేకంగా ఫ్రాన్స్‌తో పొత్తు పెట్టుకోబోనని రూబెన్స్ రాజు నుంచి మాట రాబట్టారు. ఇరుదేశాలు పూర్తిస్థాయి రాయబారులను మార్చుకోవడానికి ఒప్పించారు. ఇంగ్లండ్ నుంచి కాటింగ్టన్ మాడ్రిడ్ వెళ్లాడు. స్పెయిన్ తరఫున రావలసిన కొలోమా మాత్రం నెలల తరబడి రాలేదు. మాడ్రిడ్ దర్బారు జాప్యం అంతా ఇంతా కాదు. ఆ నెలలన్నీ రూబెన్స్ ఒక్కరే రాజును సముదాయిస్తూ, శత్రు రాయబారుల ఎత్తులను కాచుకుంటూ గడిపారు. కొలోమా 1630 జనవరిలో వచ్చాకే ఆయనకు ఊరట లభించింది.

ఈ మధ్యకాలంలో వేసిన ఒక చిత్రాన్ని ఆయన చార్లెస్‌కు కానుకగా ఇచ్చారు. జ్ఞానదేవత మినర్వా యుద్ధదేవుడు మార్స్‌ను వెనక్కి నెడుతుండగా, శాంతిదేవత పసిబిడ్డకు పాలిస్తుంటుంది. ముందు భాగంలో పండ్ల రాశి చుట్టూ పిల్లలు. వారికి నమూనాలుగా నిలిచినవారు ఆయన బస చేసిన గెర్బియర్ ఇంటి పిల్లలే. నేడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రాన్ని ఆయన సంధిపత్రంగా భావించినా తప్పులేదు. 1630 మార్చిలో చార్లెస్ ఆయనకు నైట్ బిరుదునిచ్చి, రత్నాలు పొదిగిన ఖడ్గాన్ని బహూకరించాడు. అదే ఏడాది నవంబరు 15న మాడ్రిడ్‌లో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. సంతకం చేసినవారిలో రూబెన్స్ లేరు. పునాది తవ్వినవాడి పేరు శిలాఫలకంపై ఉండదన్నది అన్ని దేశాలకూ వర్తించే సంగతే.

లండన్ వైట్‌హాల్ విందుశాల పైకప్పుకు చిత్రాలు వేసే పని కూడా ఈ పరిచయంతోనే దక్కింది. 3,000 పౌండ్ల ప్రతిఫలానికి చార్లెస్ తండ్రి 1వ జేమ్స్ శాంతియుత పాలనను కీర్తిస్తూ తొమ్మిది చిత్రాలను యాంట్‌వెర్ప్‌లోనే పూర్తిచేసి పంపారు. 1636లో వాటిని బిగించారు. రూబెన్స్ వాటిని అక్కడ చూడలేదు. 1649 జనవరి 30న చార్లెస్‌ను వధ్యస్థానానికి నడిపించింది ఆ చిత్రాల కిందుగానే.

ఒక ప్రభువు అహంకారం

1630 డిసెంబరులో, 53 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ వివాహం చేసుకున్నారు. వధువు పట్టువస్త్రాల వర్తకుడి కుమార్తె హెలెనా ఫోర్మెంట్, 16 ఏళ్లది. నేటి కళ్లకు ఆ అంతరం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ప్రభువుల ఇంటి సంబంధం చూసుకోమని మిత్రులు చెప్పినా ఆయన వినలేదు. తాను కుంచె పట్టుకుంటే సిగ్గుపడని భార్య కావాలన్నది ఆయన వాదన. రెండు రాజ్యాల నైట్ బిరుదులు వచ్చాక కూడా ఆ భయం పోలేదంటే దర్బారు గాయాలు ఎంత లోతైనవో తెలుస్తుంది. ఆయన భయం నిజమని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇంగ్లండ్‌తో సంధి ఆయనకు మెట్టు మాత్రమే. ఇంగ్లండ్ అండ లేకపోతే డచ్చివారు దారికొస్తారన్నది ఆయన లెక్క. 1632లో ఇసబెల్లా ఆదేశంపై ఆరెంజ్ ప్రభువు ఫ్రెడరిక్ హెన్రీతో రహస్యంగా మంతనాలు జరిపారు. విలియం కుమారులలో చిన్నవాడు ఈయన. అయితే అప్పటికే దక్షిణాది ప్రభువుల సభ సొంతంగా సంప్రదింపులు మొదలుపెట్టింది. ఆ బృందానికి పెద్ద ఆర్షోట్ ప్రభువు. తమను కాదని ఒక చిత్రకారుడు సంధి నడపడమేమిటని ఆయన భగ్గుమన్నాడు. మంతనాల కాగితాలన్నీ తమ ముందు పెట్టాలన్నాడు. రూబెన్స్ వినయంగానే సంజాయిషీ రాశారు. 1633 జనవరిలో ఆర్షోట్ నుంచి వచ్చిన జవాబు చెంపపెట్టు వంటిది. తనబోటివారికి ఎలా రాయాలో ఆయన స్థాయివారు ముందు నేర్చుకోవాలన్నది దాని సారాంశం. అది పదిమంది చేతుల్లోనూ తిరిగింది.

చివరకు ప్రభువుల సంప్రదింపులూ విఫలమయ్యాయి. రూబెన్స్ వాటిని నడిపి ఉంటే ఫలితం మరోలా ఉండేదని గట్టిగా చెప్పలేం. మాడ్రిడ్, హేగ్ రెండింటిలోనూ యుద్ధం కోరేవారు బలంగానే ఉన్నారు. కానీ రెండుపక్షాలూ నమ్మే మనిషిని వంశం పేరుతో పక్కకు నెట్టడం ఆ క్షణంలో దేశానికి చేసిన మేలు మాత్రం కాదు. తన సేవలన్నిటికీ ప్రతిఫలంగా ఈ బాధ్యతల నుంచి విముక్తి ప్రసాదించమని రూబెన్స్ ఇసబెల్లా కాళ్లపై పడి వేడుకున్నారు. ఆమె అతికష్టం మీద అంగీకరించింది. 1633 డిసెంబరు 1న ఆమె మరణించింది.

1635 ఏప్రిల్‌లో కొత్త పాలకుడు ఫెర్డినాండ్ యాంట్‌వెర్ప్‌కు వచ్చినప్పుడు స్వాగత తోరణాల రూపకల్పన రూబెన్స్‌కే అప్పగించారు. స్వాగతమంటే పొగడ్తలే కదా. ఆయన ఒక తోరణంపై మాత్రం నగరం గోడు చిత్రించారు. వాణిజ్యదేవుడు మెర్క్యురీ ఊరు విడిచి ఎగిరిపోతుంటాడు, పని లేని నావికుడు, మగతలో ఉన్న షెల్ట్ నదీదేవుడు. పాలకుడి కంట పడేటట్టు మాటలతో చెప్పలేనిది రంగులతో చెప్పారు. కీళ్లవాతంతో మంచం పట్టి ఆ ఊరేగింపును ఆయన చూడలేకపోయారు. ఫెర్డినాండే ఆయన ఇంటికి వచ్చి పలకరించాడు.

ఆ సంవత్సరమే ఎలెవైట్ వద్ద స్టేన్ అనే కోట, పొలాలు కొనుక్కున్నారు. అక్కడ ఎవరూ అడగకుండానే ఉదయపు పొలాలు, పాడి పశువులు, ఇంద్రధనుస్సు కింద గడ్డివాములు చిత్రించుకున్నారు. యుద్ధం మాత్రం ఆయనను వదలలేదు. 1638 ప్రాంతంలో ఫ్లోరెన్స్ ప్రభువు కోసం వేసిన చిత్రంలో మార్స్ తెరిచిన తలుపుల నుంచి దూసుకొస్తుంటాడు. పుస్తకాలు, వీణ కాళ్ల కింద నలుగుతుంటాయి. నల్లని వస్త్రాలతో, ఆభరణాలు ఊడిపోయి, చేతులు పైకెత్తి విలపించే స్త్రీ ఐరోపా ఖండం. లండన్‌లో వేసిన శాంతి చిత్రానికి ఎనిమిదేళ్ల తర్వాతి ముఖం ఇది.

కీళ్లవాతం చేతులకు పాకింది. 1640 మే 30న, 62 ఏళ్ల వయసులో రూబెన్స్ కన్నుమూశారు. సెయింట్ జేమ్స్ దేవాలయంలో సమాధి చేశారు. హెలెనా అప్పటికి గర్భవతి. చివరి బిడ్డ తండ్రి మరణించిన ఎనిమిది నెలలకు పుట్టింది.

స్పెయిన్, డచ్చి రాజ్యాల మధ్య శాంతి 1648లో మున్‌స్టర్‌లో కుదిరింది. డచ్చివారి స్వాతంత్ర్యాన్ని స్పెయిన్ గుర్తించింది. షెల్ట్ నది ముఖద్వారాన్ని మూసే ఉంచాలన్నది అందులో ఒక షరతు. యాంట్‌వెర్ప్ రేవుకు సముద్రపు ఓడలు మళ్లీ స్వేచ్ఛగా రావడానికి 1790ల వరకు ఆగవలసి వచ్చింది.